నలభై నాలుగు గంటలు

జనవరి 7, మంగళవారం

ఆయన ఇవాళ బ్యాంకు నుంచి ఒక నీలం రిజిస్టరు తెచ్చారు. అట్ట మీద బంగారు రంగులో 'సేవా గంటలు' అని ఉంది. లోపల రాసింది ఒక్క ముక్క లేదు.

బ్యాంకులో పనిచేసే ప్రతివాళ్ళూ ఏడాదికి ఇరవైనాలుగు గంటల లెక్కన ఊరికి సేవ చెయ్యాలట. ఈ బ్రాంచిలో మేనేజరైన ఆయనతో కలిపి పదకొండు మంది. అంటే రెండువందల అరవైనాలుగు గంటలు. పోయిన ఏడాది లెక్క ఈ నెలాఖరుకి పెద్దాఫీసుకి చేరాలి. చేసిందల్లా ఒక్కటే. బ్యాంకుకి రెండు వీధుల అవతలున్న వృద్ధుల ఆశ్రమానికి అందరూ వెళ్ళి, ఒక గోడ గడియారం ఇచ్చి, ఫొటో దిగి వచ్చారు. అది అరగంట కూడా పట్టలేదు.

"రాసేద్దూ. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది," అన్నారు.

"చెయ్యనిది ఎలా రాస్తామండీ?"

"ముగ్గురు మనుషులు తక్కువ. ఎనిమిదైతే గానీ షట్టరు దించట్లేదు. సేవకి ఎప్పుడు వెళ్ళమంటావు, కలలోనా? అన్ని బ్రాంచీలూ ఇలాగే రాస్తాయి. మనమొక్కళ్ళం సున్నా పంపితే ముందు ఊడేది నా కుర్చీ."

రిజిస్టరు తిప్పి చూశాను. సంతకాల గడి మాత్రం పేజీ పేజీకీ నిండి ఉంది. పని తర్వాత రాసుకుందామని అందరి చేతా ముందే పెట్టించారట. పొద్దస్తమానం కౌంటర్లో కూర్చుని "ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి" అని ఊరందరికీ చెప్పే మనుషులు, ఖాళీ పేజీల మీద వరసగా సంతకాలు పెట్టేశారు.

రాస్తానని అనలేదు. రాయనని కూడా అనలేదు. గ్యాస్ బండ మార్చాను. పాతది నలభై ఒక్క రోజులు వచ్చింది.

జనవరి 8

మూడు పేజీలు. ఒకే పెన్నుతో రాస్తే తెలిసిపోతుందని ఆయన నాలుగు పెన్నులు తెచ్చిచ్చారు. 'వృద్ధులతో మాట్లాడాను', 'వృద్ధులతో మాట్లాడాను' అని వరసగా పది గళ్ళు నింపాక చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఎవరు నమ్ముతారు? కొట్టేసి, వేరే పేజీలో మళ్ళీ మొదలుపెట్టాను. ఒకరి చేత గోళ్ళు తీయించాను. ఒకరి చేత కిటికీ గొళ్ళెం బాగు చేయించాను. ఏ పనైనా చేస్తే సరిగ్గా చెయ్యాలి.

చేతిరాత ఒక్కటే నాది. మాట ఆయనది.

జనవరి 10

అందరికీ ఇరవైనాలుగు వేస్తే గీత గీసినట్టుంటుందని, పదిమందికి ఇరవైరెండు చొప్పున వెయ్యమన్నారు. రెండువందల ఇరవై. మిగిలిన నలభైనాలుగు ఎవరికైనా ఒకరికి.

క్యాషియరమ్మాయికి వేశాను. బ్రాంచిలో నాకు ముఖం తెలిసింది ఆ అమ్మాయి ఒక్కతే. పోయిన వేసవిలో ఫైలు ఇవ్వడానికి వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే గ్లాసుడు నీళ్ళు తాగి వెళ్ళింది.

ఇరవైరెండు శనివారాలు, రెండేసి గంటలు. 'చూపు లేని బామ్మగారికి పేపర్ చదివి వినిపించాను. ముందు చావు కబుర్లు చదవమన్నారు.' తరువాతి వారం, 'బామ్మగారు నా గొంతు గుర్తుపట్టారు.' ఆ తరువాతి వారం, 'నాకు జలుబు చేస్తే, ఇవాళ్టికి చదవొద్దు, ఊరికే కూర్చో అన్నారు.'

ఆ గళ్ళ దగ్గర చెయ్యి ఆగలేదు. అన్నం వార్చడం కూడా మరిచిపోయాను. ఇన్నేళ్ళలో అన్నం మాడ్చడం ఇది రెండోసారి.

జనవరి 31

రిజిస్టరు పెద్దాఫీసుకి వెళ్ళింది. 264 సరిపోయింది.

ఫిబ్రవరి 19, బుధవారం

ఆయన చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చారు. "ఏం రాశావే తల్లీ!" అని నవ్వారు. వందల బ్రాంచీల రిజిస్టర్లు చూసి పెద్దాఫీసు వాళ్ళు క్యాషియరమ్మాయిని ఎంచారట. పతకం ఇస్తారట. మార్చి పదిహేనున ఆ అమ్మాయినీ, బామ్మగారినీ పక్కపక్కన కూర్చోబెట్టి బ్యాంకు పత్రికకి ఫొటో తీస్తారట.

"మా పై అధికారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట, ఆ జలుబు ముక్క చదివి."

ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత ఆయన నవ్వడం మానేశారు. "ఆశ్రమంలో చూపు లేని ముసలావిడ ఎవరైనా ఉందంటావా?" అన్నారు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వెళ్ళాను. ఆశ్రమం వార్డెను తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఆమె మడత నాలుగంచులూ కలిసేలా ఉంది. చూడగానే ఆమె మీద గౌరవం కలిగింది.

"చూపు లేనావిడా? ఒక్కరే ఉన్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై మూడేళ్ళు ఆపరేటరుగా చేశారు. మాటకి మాట అప్పజెప్తారు, చూసుకోండి మరి."

పొడుగాటి హాలు. చివరి మంచం మీద ఆవిడ నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎదురు గోడ మీద బ్యాంకు గడియారం. నేను నోరు తెరవకముందే, "కొత్త చెప్పులు. పాత నడక. ఎవరమ్మా?" అన్నారు.

"బ్యాంకు తరఫున వచ్చానండీ. పేపర్ చదివి పెడదామని."

"ఓహో, గడియారం వాళ్ళా! గంటగంటకీ పాట పాడుతుంది మీ గడియారం. నాలుగు నిమిషాలు ఆలస్యంగా పాడుతుంది. నా పక్కన రేడియో ఉంది కదా, నాకు తెలుస్తుంది. కళ్ళు లేనిదానికి గోడ గడియారం ఇచ్చిన ధర్మాత్ములని రోజుకి ఇరవైనాలుగు సార్లు తలుచుకుంటూ ఉంటాను."

చావు కబుర్ల పేజీ తీశాను. ఆవిడ చెయ్యెత్తారు. "అవి నాకెందుకే? ఇక్కడ మంచాలు ఖాళీ అవుతూనే ఉంటాయి. వాతావరణం చదువు. ఏ ఊళ్ళో ఎంత ఎండో."

ఊళ్ళ పేర్లు చదివాను. ఒక్కో పేరుకీ ఆవిడ కుడిచెయ్యి గాలిలో కొంచెం కదిలింది. ఒకప్పుడు ఆ ఊళ్ళన్నిటికీ ఆ చేత్తోనే లైను కలిపారట.

ఒక గంట చదివాను. ఫొటో సంగతి ఎత్తలేకపోయాను. సోమవారం అడగవచ్చు.

ఫిబ్రవరి 24, సోమవారం

చెప్పేశాను. రిజిస్టరు, పెన్నులు, ఇరవైరెండు శనివారాలు, ఫొటో, అన్నీ. ఆ అమ్మాయి ఏడాదంతా వచ్చిందని ఒక్క మాట అంటే చాలన్నాను.

ఆవిడ పక్కనున్న రేడియో కట్టేశారు. కోప్పడతారనుకున్నాను.

"నా పేరు చెప్పి నలభైనాలుగు గంటలు తినేశారన్నమాట."

"తప్పేనండీ."

"తప్పుల సంగతి తరువాత. ఊరి నుంచి ఊరికి కలిపే ట్రంకు కాల్లో ఒక నియమం ఉండేది. లైను తీసుకున్నాక మాట్లాడినా, మూగనోము పట్టినా, మూడు నిమిషాల డబ్బు కట్టాల్సిందే. నా లైను మీరు నలభైనాలుగు గంటలు తీసుకున్నారు. వచ్చి కూర్చోండి. ఆ తరువాత అడగండి, నేను అబద్ధం చెప్తానో లేదో."

"ఆ అమ్మాయికి తెలియదండీ. నేను కూర్చుంటాను."

"రాసిందెవరు?"

"చేతిరాత నాది."

"అయితే నువ్వే. మొన్నటి గంట లెక్కలోకి రాదు. అది దొంగ గంట. ఇవాళ మొదలు."

రెండు గంటలు కూర్చున్నాను. ఇంటికొచ్చి చింతపండు ఈనెలు తీశాను. మనసు తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉండాల్సిన అవసరం లేదు కానీ ఉంది.

ఫిబ్రవరి 27, గురువారం

సాయంత్రం క్యాషియరమ్మాయి వచ్చింది. ఆయన ఇంకా రాలేదు. ఈసారి హెల్మెట్ తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, సార్ ఉన్నారా?"

"కూర్చోమ్మా. టీ పెడతాను."

"టీ వద్దు. నేను ఏ బామ్మగారికీ చదవలేదు. సార్ని అడిగితే, 'పతకం వస్తే వద్దంటావేంటి, నోరు మూసుకుని తీసుకో' అన్నారు. బ్రాంచిలో అందరూ 'ఏమ్మా బామ్మగారి మనవరాలా' అని ఒకటే ఆటపట్టించడం. అది సరే, నవ్వుకోనీ. పతకం సంగతి, ఆ శనివారాల రాతలు వేసి బ్యాంకు ఖాతాదారుల ఫోన్లకి పంపిన కాగితం మా పక్కింటావిడ మా అమ్మకి చదివి వినిపించింది."

వాళ్ళమ్మ రెండేళ్ళుగా మంచం మీదే ఉందట. ఒక పక్క పడిపోయింది.

"అమ్మ నన్నేమీ అనలేదు ఆంటీ. అన్నం పెడుతుంటే మాత్రం, 'శనివారాలు బ్యాంకులో ఆలస్యమవుతుందన్నావు కదే' అంది. అంతే. 'ఎవరికో చదువుతున్నావా' అని కూడా అడగలేదు. నిజంగా బ్యాంకులోనే ఉన్నానంటే నమ్మట్లేదు. నేను అమ్మకి ఒక్క పేజీ చదివిందాన్ని కాదు. వచ్చి పడుకుంటాను, అంతే."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఎవరు రాశారో తెలిస్తే బాగుండు," అంది. "జలుబు చేస్తే చదవొద్దన్నారట! ఎంత బాగా రాశారో పాపిష్టి వాళ్ళు."

నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే.

ఫిబ్రవరి 28

అడిగితే చెప్పేదాన్నా?

మార్చి 3, సోమవారం

ఆ అమ్మాయి పెద్దాఫీసుకి రాసేసింది, పతకం నాది కాదు, గంటలు నావి కావు అని. పన్నెండో తారీఖున విచారణ. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. కాఫీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకోలేదు.

"ఏం చెప్తారు?" అన్నాను.

"ఎవరి గంటలు వాళ్ళే రాసుకొచ్చారు, నేను చూడకుండా సంతకం పెట్టాను అంటాను. నిర్లక్ష్యం అంటారు. ఒక మందలింపు కాగితం ఇస్తారు."

"మరి ఆ అమ్మాయికి?"

"సంతకం ఆమెదే కదా."

"ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు కదండీ."

"జూన్లో అవ్వాలి."

"అవుతుందా?"

పేపర్ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. తలకిందులుగా పట్టుకున్నారని నేను చెప్పలేదు.

ఆయన చెడ్డవారు కాదు. గుమాస్తాగా చేరి ఇరవైతొమ్మిదేళ్ళలో ఒక్క రోజు ఆలస్యంగా వెళ్ళలేదు. మా నాన్న ఆస్పత్రిలో ఉంటే పదకొండు రోజులు ఆయనే కాపలా ఉన్నారు. ఆయన చెడ్డవారు కాదు.

మార్చి 4

ఇవాళ ఏమీ జరగలేదు. బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను.

మార్చి 5

రెండు గంటలు. వాతావరణం.

మార్చి 6

ఆయన అద్దం ముందు నిలబడి, "ఎవరి గంటలు వాళ్ళే రాసుకొచ్చారు సార్," అని రెండుసార్లు అనుకున్నారు. మూడోసారి నన్ను చూసి గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికే గీసుకున్న గడ్డం అది.

మార్చి 8, శనివారం

ఇవాళ్టికి పద్నాలుగు గంటలయ్యాయి. చదవడం అయ్యాక బామ్మగారు, "మీ ఆయన ఎలాంటివాడే?" అన్నారు.

"మంచివారండీ."

"ఊఁ."

"నిజంగానే."

"నేను రోజుకి మూడు వందల గొంతులు విన్నదాన్ని. అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు చివర సన్నబడుతుంది. మొదటిరోజు 'బ్యాంకు తరఫున వచ్చాను' అన్నావు చూడు, అప్పుడు సన్నబడింది. ఇప్పుడు 'మంచివారు' అన్నప్పుడు సన్నబడలేదు. 'నిజంగానే' అన్నావు చూడు, అప్పుడు సన్నబడింది."

విచారణ సంగతి చెప్పాను. క్యాషియరమ్మాయి ఉద్యోగం పోయేలా ఉందన్నాను. మావారు అలా చెప్పక తప్పదన్నాను.

"మరి నువ్వేం చెప్తావు?"

"నన్నెవరూ అడగరు కదండీ."

"అడగరు," అన్నారు. "అదేగా నీకున్న సుఖం."

దారిలో కూరలు కొనడం మరిచిపోయాను. ఇంట్లో ఉన్న రెండు బంగాళాదుంపలు వేయించాను.

మార్చి 11, మంగళవారం

రోజూ నేనే లెక్క రాసే పాలవాడి కార్డు తీసి చూశాను. కార్డు మీద 'పాలు'లో అయినా, రిజిస్టరు 'జలుబు'లో అయినా, ఏ పెన్నుతో రాసినా నా 'లు' అదే 'లు'. కొమ్ము చివర చిన్న మెలిక. మా అమ్మ నేర్పింది. నాలుగు పెన్నులు కాదు, నలభై తెచ్చినా అది అలాగే ఉంటుంది.

ఆయన తొందరగా పడుకున్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను. నాకూ ఒక చీర ఇస్త్రీ చేసుకున్నాను.

మార్చి 12, బుధవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆయన తొమ్మిదింటికి వెళ్ళారు. నేను పదిన్నరకి. సంచిలో నాలుగు పెన్నులు, పాల కార్డు పెట్టుకున్నాను. బ్యాంకులో మేనేజరు గది బయట బెంచీ మీద క్యాషియరమ్మాయి కూర్చుని ఉంది. "ఆంటీ, మీరా?" అంది. నేను ఆగలేదు. ఆగితే వెనక్కి వెళ్ళిపోయేదాన్ని.

లోపల ఆయన కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. విచారణకొచ్చిన అధికారి, తల నెరిసిన మనిషి. ఆయన ఎదురుగా, మామూలుగా జనం కూర్చునే కుర్చీలో మావారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"ఇంట్లో ఏమైనా అయిందా?" అన్నారు.

"ఏమీ కాలేదండీ."

అధికారి, "ఎవరమ్మా మీరు?" అన్నారు.

"ఈయన భార్యనండీ. ఆ రిజిస్టరు రాసింది నేను."

"అమ్మా, ఇది బ్యాంకు విషయం. మీరు ఇంట్లో మాట్లాడుకుని రావలసింది."

"ఇంట్లో మాట్లాడుకునే రాశామండీ," అన్నాను.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాల కార్డు ఇచ్చాను. రిజిస్టరు పక్కన పెట్టి చూశారు. నమ్మకం కుదరలేదో ఏమో, ఒక తెల్లకాగితం ఇటు తోశారు. "ఒక వాక్యం రాయండి."

"ఏం రాయమంటారు?"

"ఇందులోదే ఏదైనా."

'నాకు జలుబు చేస్తే, ఇవాళ్టికి చదవొద్దు, ఊరికే కూర్చో అన్నారు' అని రాశాను. ఒక్కో మాటకీ పెన్ను మార్చి రాశాను. కాగితం మీద కన్నీటి చుక్క పడుతుందేమోనని భయపడ్డాను. పడలేదు.

"రెండువందల అరవైనాలుగు గంటలూ మీరే రాశారా?"

"అన్నీ. ఆ అమ్మాయి సంతకం ముందే ఉందండీ. ఖాళీ పేజీ మీద. అందరివీ ఉన్నాయి. గంటలు మాత్రం ఎవరూ చెయ్యలేదు."

"మీ చేత ఎవరు రాయించారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. ఇంటి నుంచి అనుకుని వెళ్ళాను, నాకు నేనుగానే రాశానని చెప్దామని. నోరు తెరిచాను. గొంతు చివర సన్నబడుతుందని గుర్తొచ్చి ఆగిపోయాను.

మావారు బల్ల మీదున్న పెన్నుల్లో ఒకదాన్ని తీసి, మూత సరిగ్గా పెట్టారు. ఎప్పుడూ పెన్నుకి మూత లేకపోతే ఊరుకోరు.

"పెన్నులు నేనే తెచ్చిచ్చాను సార్," అన్నారు.

అంతకంటే ఏమీ అనలేదు. అంతకంటే అనడానికి కూడా ఏమీ లేదు.

చేతిరాత నాది.

మార్చి 14

ఆయన్ని సెలవు మీద ఇంటికి పంపారు. తరువాతి సంగతి కబురు చేస్తారట. ఇంట్లోనే ఉంటున్నారు. నాతో మాట్లాడటం లేదు. గోడతో మాత్రం మాట్లాడుతున్నారు. "ఉప్పు తక్కువైంది" అని గోడకి చెప్పారు. ఉప్పు డబ్బా గోడ దగ్గర పెట్టాను.

మార్చి 15, శనివారం

ఫొటో తీయడానికి ఎవరూ రాలేదు. రెండు గంటలు. మొత్తం పదహారు.

విచారణ సంగతి విని బామ్మగారు, "ఇప్పుడిక అబద్ధం చెప్పే పనిలేదు కదా. ఎందుకొచ్చావు?" అన్నారు.

"ఇరవై ఎనిమిది మిగిలాయండీ."

"లెక్క తెలిసిన పిల్లవే," అన్నారు. ఈ వయసులో నన్ను పిల్ల అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

మార్చి 21, శుక్రవారం

కబురొచ్చింది. మేనేజరు పదవి తీసేశారు. పెద్దాఫీసులో పాత కాగితాల గదికి వేశారు, ఏప్రిల్ ఏడున చేరాలట. ఉద్యోగం మిగిలింది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, పెరట్లోకి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశారు. పొద్దున నేను పోసిన మొక్కలకే.

మార్చి 26, బుధవారం

బజారులో క్యాషియరమ్మాయి కనిపించింది. తప్పుకుపోదామనుకున్నాను. తనే బండి ఆపింది.

"తప్పు నాదమ్మా. ఆ రోజు నువ్వు వచ్చినప్పుడే చెప్పవలసింది."

"చెప్పవలసింది," అంది. క్షమించానని అనలేదు. అనాలని నేను అనుకోవడం కూడా అత్యాశే.

"నువ్వు ఒప్పుకుంటే, శనివారాలు మీ అమ్మగారికి చదివి..."

"వద్దు ఆంటీ."

బండి స్టార్టు చేసి, మళ్ళీ ఆపింది. "విచారణ కాగితం నాకూ ఒకటి ఇచ్చారు. మీరు చెప్పిందంతా ఉంది అందులో. అమ్మకి మొత్తం చదివి వినిపించాను, మొదటి నుంచి చివరిదాకా. అదయ్యాక, 'ఇంకేమైనా ఉంటే చదువు' అంది. ఇంట్లో ఏమీ లేకపోతే కరెంటు బిల్లు చదివాను."

నవ్వబోయి ఆపుకుంది. వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 4

నలభైరెండు. రేపటితో సరి.

ఆయన ఇవాళ గోడతో కాకుండా నాతోనే అన్నారు, "రోజూ మూడింటికి ఎక్కడికి వెళ్తున్నావు?" అని. ఆరు వారాలుగా వెళ్తున్నాను. చెప్పాను. గడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందన్న సంగతితో సహా చెప్పాను.

"అది నేనే కొన్నాను," అన్నారు. "కొన్నప్పుడు సరిగ్గానే ఉంది."

ఏప్రిల్ 5, శనివారం

మూడింటి నుంచి చదివాను. వాతావరణం అయ్యాక ఇళ్ళ ప్రకటనలు, అవీ అయ్యాక తప్పిపోయిన కుక్క ప్రకటన. అడుగుల చప్పుడు విని బామ్మగారు చెయ్యెత్తారు.

"ఎవరది గుమ్మంలో? లోపలికైనా రావాలి, బయటికైనా పోవాలి. లైను మధ్యలో పట్టుకుని నిలబడకూడదు."

ఆయన. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. లోపలికి వచ్చారు. ఎవరినీ ఏమీ అడగకుండా, గోడ పక్కన కుర్చీ లాక్కుని ఎక్కి గడియారం దించారు. వెనక ఉన్న మరను తిప్పారు. తన చేతి వాచీ చూసుకుని, మళ్ళీ కొంచెం తిప్పారు. గోడకి తగిలించారు. వెంటనే అది ఐదు గంటల పాట ఎత్తుకుంది.

నేను పేపర్ మడిచాను. నలభైనాలుగు. లేచి నిలబడ్డాను.

బామ్మగారు తల పక్కకి వంచి విన్నారు. పక్కనున్న రేడియో గొంతు కొంచెం పెంచారు. తగ్గించారు.

"మూడింటికి వచ్చావు కదే నువ్వు. ఏ మూడింటికి?"

"గడియారంలో మూడు కాగానే మొదలుపెట్టానండీ."

"అంటే మూడు దాటి నాలుగు నిమిషాలకి. ఇప్పుడు సరిగ్గా ఐదు. చూశావా బ్యాంకువాళ్ళ బుద్ధి! చివరాఖరికి వచ్చి నాలుగు నిమిషాలు మింగేద్దామని చూశాడు."

ఆయన కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేసి దొరికిపోయిన ముఖం కాదు అది. ఆ ముఖం విచారణ రోజున చూశాను కాబట్టి నాకు తెలుసు.

"కూర్చో అబ్బాయ్," అన్నారు ఆవిడ. "నువ్వూ కూర్చో. నాలుగు నిమిషాలు. చదవనక్కర్లేదు, ఊరికే."

కూర్చున్నాం, ఇద్దరం.